ఓడల కర్మాగారములలో నిప్పుపని



నేటి నా ప్రసంగమునకు విషయము ఓడల కర్మాగారములలో జరుగు నిప్పుపని. అనగా ఇనుమును కరిగించి అతుకుట, కాల్చి కోయుట, ఆ పనియందు వహింపవలసిన జాగ్రత్తలు. ఈ మాట వినినంతనే, "కాలువగట్టున కూర్చుండి వరిచేలు చూచుకొను మాకు ఓడలతో నేమి పని?" యని మీలో కొందఱు అనుకొనవచ్చును. పని కలదు. విశాఖపట్టణమున ఓడల కర్మాగారమునకు 1941వ సంవత్సరము జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపనము చేసిరి. అచ్చట కట్టిన మొదటి పెద్ద యోడ 'జల ఉష'ను 1948 మార్చి 14వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు జలప్రవేశము చేయించిరి. నాటినుండి నేటివఱకు మన పల్లెల పిల్లలు ఆ పనికి పోవుచునే యున్నారు. విశాఖకే కాదు, కొచ్చికి, ముంబయికి, సింగపూరునకు, గల్ఫు దేశముల రేవులకును పోవుచున్నారు. పోవుటకు ముందు మీ పాదములకు మ్రొక్కి దీవెన లందుచున్నారు. ఆ దీవెనతోపాటు వారికి చెప్పవలసిన నాలుగు మాటలు కలవు. అవి మీకు విన్నవించుటయే నా యుద్దేశము.

నేను ఓడపని చేసినవాడను గాను. పల్లెటూరి బడిలో తెలుగు, సంస్కృతము చెప్పి విశ్రాంతి పొందినవాడను. నాకడ చదివిన పిల్లలలో ఇద్దఱు ముగ్గు రా పనిలో నున్నారు. వారు సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగి తెలిసికొన్న సంగతులును, పిమ్మట చదివి తెలిసికొన్న సంగతులును కలిపి చెప్పుచున్నాను.

ముందుగా పని యెట్టిదో తెలియవలెను. పూర్వము ఓడ రేకులను రివెట్లతో కూర్చెడివారు. ఎఱ్ఱగా కాల్చిన మేకును రెండు రేకుల రంధ్రములలో దూర్చి, సమ్మెటలతో కొట్టి బిగించెడివారు. 1920వ సంవత్సరమున ఆంగ్లదేశమునందలి బర్కెన్‌హెడ్ రేవున 'ఫుల్లగార్' అను ఓడను రివెట్లు లేకుండ, రేకుల నతికియే కట్టిరి. తరువాత క్రమముగా రివెట్టు వెనుకబడి, వెల్డింగు ముందునకు వచ్చినది. వెల్డరు చేత హోల్డరు పట్టి, దానికి రాడ్డు తగిలించి, ఇనుమునకు దాపుగా తెచ్చును. రెంటినడుమ విద్యుత్తు మెఱుపువలె దుముకును. ఇనుము 1538 డిగ్రీల వేడికి కరగును. ఆ మెఱుపునందలి వేడి అంతకు రెండు రెట్లకు పైగా నుండును. కోతపని వేఱొక విధము. ఎసిటిలీనును గాని, వంటయింటి గ్యాసువంటి వాయువును గాని ప్రాణవాయువుతో కలిపి వెలిగించి, ఆ జ్వాలతో ఇనుమును ఎఱ్ఱగా కాల్చి, దానిమీద శుద్ధమైన ప్రాణవాయువును ధారగా విడుతురు. అప్పుడు ఇనుమే కట్టెవలె మండి, కరిగి, నిప్పురవ్వలై క్రిందికి రాలును.

మన యూరి కమ్మరి కొలిమికిని దీనికిని భేదమేమి యందురా? కొలిమి యొకచోట కదలక యుండును. పనిని కొలిమికడకు తెత్తురు. కొలిమిచుట్టు నేమి యుండవలెనో, ఏమి యుండరాదో కమ్మరికి తండ్రితాతలనాటినుండి తెలియును. ఓడలో నట్లు కాదు. అచ్చట నిప్పునే పనికడకు కొనిపోవుదురు. నిన్న ఓడ యడుగున, నేడు నూనెతొట్టి ప్రక్కను, ఱేపు నావికులు పండుకొను గదిలో. నిప్పు పోయినచోటెల్ల చుట్టునున్నవి క్రొత్తవి. ఓడయో, చీమలపుట్టవలె అఱలతో నిండినది. కొన్ని యఱలలోనికి మనిషి భుజములు పట్టునంత రంధ్రముగుండ మాత్రమే దిగవలెను. గోడలన్నియు ఇనుము. గాలి తనంతట వచ్చునది కాదు. ప్రక్కయఱలో రంగు వేయువాడు, పైయంతస్తున చెక్కపని చేయువాడు, క్రింద నూనె తుడుచువాడు, ఒకరి పని యొకరికి కనబడదు. ఈ పనియందలి ప్రమాదమంతయు నీ కనబడకుండుటలోనే యున్నది. మండుచున్న నిప్పును చూచి యెవడును దానిమీద చేయి పెట్టడు. చూడనిచోట, చూడనివేళ, చూడరాని వాయువునందు పుట్టిన నిప్పే మనుష్యులను మ్రింగుచున్నది.

అమరకోశమున అగ్నికి గల పేర్లలో 'ఆశ్రయాశుడు' అను నొక పేరు కలదు. తాను దేని నాశ్రయించెనో దానినే తినువాడని దాని యర్థము. ఈ పేరునకు 1942వ సంవత్సరమున న్యూయార్కు రేవున గొప్ప యుదాహరణము దొరకినది. 'నార్మండీ' యను ఫ్రెంచి యోడ వేయి యడుగులకు మించిన పొడవు గలది. నాటి యోడలలో మిక్కిలి సొంపైనదని పేరు పొందినది. యుద్ధకాలమగుటచే అమెరికా ప్రభుత్వము దానిని తీసికొని, సైనికులను చేరవేయు నోడగా మార్పించుచుండెను. ఫిబ్రవరి 9వ తేదీన పెద్ద సభాశాలలో ఇనుపస్తంభములను కోయుచుండిరి. ఆ శాలయందే నీటిలో తేలుటకు తొడుగుకొను చొక్కాలు గుట్టలుగా వేసియుండెను. వానిలో కూరినది తెల్లబూరుగు దూది. బూరుగుదూదికి నిప్పంటిన నెట్లుండునో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఒక్క రవ్వ పడినది. క్షణములో శాలయంతయు అంటుకొన్నది. ఓడలో మంట నార్పుటకు స్వతహాగా నుండిన యేర్పాటు ఆ సమయమున పని చేయుటలేదు. పడవలనుండియు గట్టునుండియు కుమ్మరించిన నీరు పైయంతస్తులలో నిలిచి, ఓడ ఒకప్రక్కకు ఒరిగి, మఱునాడు తెల్లవాఱకమునుపే నీటిలో పండుకొన్నది. మరల నది ప్రయాణము చేయలేదు. తునుకలుగా అమ్ముడుపోయినది. కోయువాని చేతిలో తప్పు లేదు. గుట్టను ముందుగా తీయింపకపోవుటయే తప్పు.

కావుననే నిప్పుపని జరుగుచోటికి చుట్టును 35 అడుగుల దూరములో మండెడి వస్తువు లేవియు నుండరాదని నియమ మేర్పడినది. రవ్వలు అంతదూర మెగిరిపడును. తీయుటకు వీలుకాని వస్తువును మంటకు తాళుగల దుప్పటితో కప్పవలెను. అఱలోని రంధ్రములను మూయవలెను. లేనిచో రవ్వ క్రిందియంతస్తునకు దూకును. నీరు నిండిన గొట్టమును, ఆర్పుసాధనమును పని మొదలుపెట్టకముందే దగ్గఱ నుంచవలెను. చేతులు కాలిన పిదప ఆకులు వెదకుట యెట్టిదో, మంట లేచిన పిదప గొట్టమును వెదకుట యట్టిది. మఱియొకటి ముఖ్యము. ఇనుపగోడకు ఈవైపున వెల్డింగు చేసిన, ఆవైపున రంగు మాడి మంటలు లేచును. ఈవైపువానికి అది కనబడదు. కాబట్టి గోడకు రెండువైపులను మనిషి కావలియుండవలెను.

అగ్నికి ఇంకొక పేరు 'వాయుసఖుడు'. గాలికి స్నేహితుడు. ఈ స్నేహము హద్దు మీఱిన నేమగునో ఇంగ్లండునందలి టైన్ నదియొడ్డున 1976 సెప్టెంబరు 23వ తేదీన కనబడినది. 'గ్లాస్గో' యను యుద్ధనౌకను కట్టుచుండిరి. ముందటి దినము పని ముగించి పోవునప్పుడు ప్రాణవాయువు గొట్టము నొకదానిని క్రిందియఱలో విడిచిపోయిరి. రాత్రియంతయు దానినుండి ప్రాణవాయువు మెల్లగా కారి యఱలో నిండినది. ప్రాణవాయువునకు వాసన లేదు, రంగు లేదు. దానిని పీల్చినవానికి ఏ తేడాయు తోచదు. ఉదయమున పనివారు వచ్చిరి. వెల్డరు రాడ్డును ఇనుమునకు తాకించెను. మామూలు గాలిలో కమురుకంపు కొట్టి యారిపోవలసిన రవ్వ, ఆ గాలిలో మహాజ్వాల యైనది. ఎనమండుగురు మరణించిరి.

మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు వందకు 21 పాళ్లు. అది నాలుగైదు పాళ్లు పెరిగినను బట్ట, వెండ్రుక, జిడ్డు, అన్నియు భయంకరముగా మండును. మంచిదే కదా యని ప్రాణవాయువుతో ఒంటిమీది దుమ్ము ఊదుకొనుట, అఱలో చల్లదనమునకై దానిని వదలుకొనుట కొన్నిచోట్ల అలవాటు. అది మృత్యువును పిలుచుటయే. దాని సిలిండరు వాల్వునకు నూనె గాని, గ్రీజు గాని తాకనీయరాదు.

మండెడి వాయువుల సంగతియు నిట్టిదే. ఎసిటిలీను గాలిలో వందకు రెండున్నర పాళ్లు కలిసినను పేలుటకు సిద్ధముగా నుండును. వంటగ్యాసువంటిది గాలికంటె బరువైనది. అది క్రిందికి దిగి ఓడ యడుగున నీరువలె నిలుచును. 2018 ఫిబ్రవరి 13వ తేదీన కొచ్చి కర్మాగారమున మరమ్మతునకు వచ్చిన 'సాగర్ భూషణ్' అను ఓడలో, ఒక గదియందు చేరిన వాయువు పేలి ఐదుగురు పనివారు ప్రాణములు కోల్పోయిరి. కాబట్టి పని ముగిసినప్పుడు గాని, భోజనమునకు పోవునప్పుడు గాని, గొట్టమును అఱలో విడిచి పోరాదు. వాల్వును సిలిండరు వద్దనే, అఱకు వెలుపలనే కట్టవలెను. కొసను మాత్రమే త్రిప్పి పోవుట చాలదు. ఇరుకైన యఱలో వాయువు నిండిన గొట్టమును మనిషి లేకుండ ఒక్క నిమిషమైనను ఉంచరాదనియు, గోడలును కప్పును గల ఇతర గదులలో 15 నిమిషములకు మించరాదనియు అమెరికా దేశపు ఓడల కర్మాగారముల నిబంధన. ఇది కంఠస్థము చేయింపదగిన నియమము.

ఇక చెడుగాలి. దీనిని గుఱించి మీకే నాకంటె నెక్కువ తెలియును. జొన్నలు పోసిన పాతరను తెఱచినంతనే ఎవనినైన దింపుదురా? మూత తీసి గాలి యాడనిచ్చి, దీపమును త్రాటితో దించి, అది యారకున్న పిమ్మటనే మనిషిని దింపుదురు. ఓడయందలి మూసినతొట్టి మన పాతరవంటిదే. తుప్పు పట్టిన ఇనుము తనలోని గాలినుండి ప్రాణవాయువును త్రావివేయును. కొన్ని వెల్డింగులలో వాడు ఆర్గాను అను వాయువు గాలికంటె బరువై, పల్లమున నిలిచి, ప్రాణవాయువును వెడలగొట్టును. అట్టిచోట దిగినవాడు కేక వేయుటకైన వ్యవధి లేక కూలును. ఐతే పాతరలో పనికివచ్చిన దీపపుపరీక్ష ఓడతొట్టిలో పనికిరాదు; అచ్చట మండెడి వాయువు ఉండినయెడల దీపమే పేలుడునకు మూలమగును. దీపమునకు బదులు గాలిని కొలుచు మీటరు కలదు. ప్రాణవాయువు 19.5 పాళ్లకు తగ్గియుండరాదు, 22 పాళ్లకు మించియుండరాదు. మండెడి వాయువు, పేలుటకు చాలిన కనీసపు మోతాదులో పదియవవంతునకు చేరరాదు. ఈ కొలత పైన, నడుమ, అడుగున మూడుచోట్ల తీయవలెను. గాలి ఊదు ఫ్యాను పని జరిగినంతసేపును ఆడుచుండవలెను. లోన నొకడు పడిపోయినప్పుడు అన్నమో తమ్ముడో యని వెంటనే దూకినవాడు రెండవ శవ మగుచున్నాడు. పైనున్నవాడు దూకక కేకవేసి, గాలితొడుగు గలవారిని పిలువవలెను. ఇది కఠినముగా తోచును గాని, ఇదియే నిజమైన దయ.

దేహమును కాపాడుకొనుటను గుఱించి కొన్ని మాటలు. వెల్డింగు మెఱుపును వట్టికంటితో చూచిన, అప్పటికప్పుడు బాధ తెలియదు. రాత్రి పండుకొన్న పిమ్మట కంటిలో ఇసుక పోసినట్లు మంట పుట్టును. కాబట్టి నల్లయద్దపు ముసుగు లేక పని చేయరాదు, ప్రక్కనున్నవాడు చూడనుగూడరాదు. చెమటతో తడిసినవానికి, ఇనుపయఱలో కూర్చున్నవానికి, విద్యుత్తు సులభముగా తగులును; పొడి చేతితొడుగులు, చెడని హోల్డరు, చిరుగని తీగ కావలెను. జస్తాపూత గల రేకును అతికినప్పుడు వచ్చు పొగవలన ఆ రాత్రి చలిజ్వరము వచ్చును. వెల్డింగు పొగ కేన్సరు వ్యాధికి కారణమగునని 2017లో అంతర్జాతీయ కేన్సరు పరిశోధనసంస్థవారు నిర్ణయించిరి. పొగను పీల్చివేయు యంత్రమును ముఖమునకు దగ్గఱ పెట్టుడని యడుగుట సుకుమారము గాదు, బ్రదుకుతెఱువు.

పని ముగిసిన పిమ్మటి జాగ్రత్త యన్నిటికంటె మఱచిపోవునట్టిది. అగ్నిశేషము, ఋణశేషము, శత్రుశేషము మిగులనీయరాదని మన పెద్దలమాట. నివురు గప్పిన నిప్పు చింకిగుడ్డలోను, చెక్కసందులోను గంటసేపు పొంచియుండి, అందఱు పోయిన వెనుక లేచును. అందుచేత పని నిలిచిన పిమ్మట అరగంటకు తక్కువ గాకుండ, చాలచోట్ల గంటవఱకు, ఒక మనిషి అచ్చట నిలిచి చూడవలెనని నియమము. వానిని ఫైర్ వాచరు అందురు. వానికి వేఱొక పని చెప్పరాదు. అతడు కూర్చున్నాడు, ఊరక కూలి తినుచున్నాడు అని యెకసక్కె మాడువారు కలరు. చేనికి కావలివాడు కూర్చున్నాడని యెవరైన నందురా? అతని చూపే అతని పని.

ఈ నియమములన్నియు ఒక కాగితముమీద వ్రాసియుండును. దానిని హాట్ వర్క్ పర్మిట్ అందురు. చోటు చూచితిమి, గాలి కొలిచితిమి, మండెడివి తీసితిమి, కావలి పెట్టితిమి అని బాధ్యుడు చేవ్రాలు చేసిన పిమ్మటనే నిప్పు వెలిగింపవలెను. నిన్నటి కాగితము నేటికి చెల్లదు. ఎందుకన నిన్నటి గాలి నేడు లేదు. కాని కాగితము గాలిని కొలువదు. చూడకయే చేవ్రాలు చేసిన కాగితము కొంపలు ముంచును.

నా శిష్యు డొకడు ఒకానొక రేవున కంట్రాక్టరుక్రింద పని చేయుచుండెను. ఒకనాడు మేస్త్రీ వానిని తొట్టిలోనికి దిగుమనెను. కుఱ్ఱవాడు, "అయ్యా, గాలి కొలిచినారా?" యని యడిగెను. మేస్త్రీ, "నిన్న కొలిచినదే చాలును. దిగెదవా, ఇంటికి పోయెదవా?" యనెను. వాడు దిగలేదు. మీటరు తెచ్చి చూడగా ప్రాణవాయువు చాలినంత లేదని తేలినది. ఆ తొట్టికి గాలి యూదించి, మధ్యాహ్నమునకు పని మొదలుపెట్టిరి. కాని ఆ పూట కూలి కుఱ్ఱవానికి పోయినది. ఆ నెలలో వానికి ఓవర్‌టైము దొరకలేదు. వాడీ సంగతి నాకు చెప్పుచు, "మేష్టరుగారూ, ఇంటికి డబ్బు తక్కువ పంపితిని, నాయన కోపపడినాడు" అనెను. ఆ తండ్రి చెడ్డవాడు గాడు. ఆ డబ్బు ఏల తగ్గెనో వానికి తెలియదు, అంతియే.

పెద్దలారా! ఇచ్చటనే మీతో నా పని. కర్మాగారపు నియమములను మీరును నేనును వ్రాయజాలము. ఆ మేస్త్రీని మార్చజాలము. కాని దిగుమన్నప్పుడు నిలిచి యడుగుటకు కుఱ్ఱవానికి ధైర్య మెక్కడనుండి వచ్చును? ఇంటినుండి రావలెను. మన పిల్లలకు మనము వినయము నేర్పితిమి. పెద్దవాడు చెప్పిన నెదురాడకు మంటిమి. అది మంచిదే. కాని నిప్పుకడ అడిగిన ప్రశ్న అవినయము గాదు. పరీక్షించి చేయుట పనివాని ధర్మము. పనికి పోవు కుఱ్ఱవానితో మీ నోట నీ మాట చెప్పుడు: "నాయనా, గాలి కొలిచినారా యని యడుగుము. గోడకు ఆవైపున నేమున్నదని యడుగుము. పని యైన పిమ్మట ఎవరు కావలియుందురని యడుగుము. ఈ మూడింటికిని జవాబు రాకున్న దిగకుము. కూలి తక్కువైనను నిన్నేమియు ననను." ఈ కడపటి వాక్యమే యన్నిటికంటె ముఖ్యము. అప్పు తీర్పవలెనను తొందరయే యెందఱినో కొలువని గాలిలోనికి దింపుచున్నది.

ఓడల మాట యటుండనిండు. మన యూరి రోడ్డుప్రక్కను గూడ వెల్డింగు దుకాణము వెలసినది. కిరసనాయిలు పోసిన పాతపీపాను, డీసెలు ట్యాంకును అతుకుమని తెచ్చి యిత్తుము. ఖాళీయే కదా యందుము. ఖాళీపీపాలో నూనె లేకున్నను నూనె యావిరి యుండును. నిండుపీపాకంటె నదియే యెక్కువ ప్రమాదకరము. అట్టి పాత్రనుండి మండెడి పదార్థమును తొలగింపక వెల్డింగు చేయరాదని 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టమునందే వ్రాసియుండెను. ఓడయందైనను, ఊరియందైనను నిప్పు స్వభావ మొక్కటియే. పీపాను కడిగించితిరా యని దుకాణము కుఱ్ఱవానిని మీరడుగుడు. వాడు మీ మాట వినును. చిన్ననాట మీ యరుగుమీద నాడుకొన్నవాడే కదా.